గుణకం లెక్కపెట్టేది అణువులను, గ్రాములను కాదు

సంపాదకులకు,

విద్యార్థుల కోసం పత్రికల్లో వచ్చే పాఠాల పేజీలను చాలాకాలంగా చదువుతున్న రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడిగా ఒక సూచన చేయదలచాను. రసాయన సమీకరణాలను తుల్యం చేయడం, అంటే ఇరువైపులా పరమాణువుల లెక్క సమానం చేయడం, ఒక వారం, ద్రవ్యరాశులను లెక్కకట్టడం మరొక వారం అచ్చవుతుండటంతో, మొదటిది అంకెల పొడుపుకథగాను, రెండోది బట్టీపట్టవలసిన సూత్రంగాను పిల్లలకు తోస్తోంది.

హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరు ఏర్పడే చర్యనే తీసుకుందాం. పరమాణువుల లెక్క సరిపోవడం లేదని నీటి ఫార్ములాలోనే ఆక్సిజన్ కింద రెండు వేసేసే విద్యార్థులు నాకు ఏటా కనిపిస్తారు. అలా చేస్తే లెక్క సరిపోయే మాట నిజమే గాని, అప్పుడు కాగితం మీద మిగిలేది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్! మనం మార్చదగినది ఫార్ములా ముందుండే గుణకాన్ని మాత్రమే.

సరిగ్గా తుల్యం చేసినవారు సైతం తరువాతి మెట్టు దగ్గర తడబడతారు. రెండు హైడ్రోజన్ అణువులకు ఒక ఆక్సిజన్ అణువు అని రాసుకున్నాక, రెండు గ్రాములకు ఒక గ్రాము చాలుననుకుంటారు. డజనులా, అణువులను లెక్కపెట్టే ఒక స్థిరమైన పెద్ద సంఖ్యే మోల్. గుణకాలు తెలిపేది మోల్‌ల నిష్పత్తిని; 2 మోల్‌ల హైడ్రోజన్ 4 గ్రాములు, 1 మోల్ ఆక్సిజన్ 32 గ్రాములు, ఏర్పడే నీరు 36 గ్రాములు. అంటే ఒక గ్రాము హైడ్రోజన్‌కు ఎనిమిది గ్రాముల ఆక్సిజన్ కావాలి.

చెరి 10 గ్రాములు ఇచ్చి ఎంత నీరు వస్తుందని అడిగితే, చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదనే ద్రవ్యనిత్యత్వ నియమాన్ని వల్లించి మరీ 20 గ్రాములని రాసేవారు చాలామంది. 10 గ్రాముల ఆక్సిజన్‌తో చర్య జరిపేది 1.25 గ్రాముల హైడ్రోజనే కనుక నీరు 11.25 గ్రాములే వస్తుంది, 8.75 గ్రాముల హైడ్రోజన్ అలాగే ఉండిపోతుంది. ఈ రెండూ కూడితే 20 గ్రాములే. నియమానికి వచ్చిన లోటేమీ లేదు.

1792లో జర్మన్ రసాయనశాస్త్రవేత్త రిక్టర్ ఈ గణనకు స్టాయికియోమెట్రీ అని పేరు పెట్టేనాటికి నేటి ఫార్ములాలే లేవు. ఏ ఆమ్లానికి ఎంత క్షారం సరిపోతుందో తూచి చూడటంతోనే అది మొదలైంది. మన పాఠాల్లో మాత్రం తూకం చివరికి వస్తోంది.

కాబట్టి, తుల్యం చేసిన ప్రతి సమీకరణం కింద ఇరువైపులా గ్రాముల మొత్తాన్ని కూడా ముద్రించవలసిందిగా కోరుతున్నాను. అమ్మోనియా చర్య కింద నైట్రోజన్ 28, హైడ్రోజన్ 6 కలిసి అమ్మోనియా 34 గ్రాములు అని ఒక్క వరుస ఉంటే చాలు. అలాగే చర్యలో పాల్గొనే పదార్థాల్లో (క్రియాజనకాల్లో) ఒకటి మిగిలిపోయే లెక్క ప్రతి పాఠంలోనూ ఒకటైనా ఉండాలి.

ఇట్లు,
ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు