306 గంటల ప్రాక్టికమ్‌లో కోచింగ్ 94 గంటలే: ఫిర్యాదు

విజయనగరం,
20 నవంబర్ 2024.

ఆపరేషన్స్ మేనేజర్ గారికి,
ప్రధాన కార్యాలయం.

విషయం: మీ విజయనగరం జిమ్‌లో నా ప్రాక్టికమ్ జరిగిన తీరు, నా లాగ్‌బుక్‌లో (చేసిన పని రాసుకునే పుస్తకం) సంతకం పెట్టకపోవడం గురించి.

అయ్యా,

నేను స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోచింగ్‌లో డిప్లొమా చదువుతున్నాను. చివరి సెమిస్టర్‌లో కాలేజీ బయట 300 గంటల ప్రాక్టికమ్, అంటే పని చేస్తూ నేర్చుకునే శిక్షణ, చేయాలి. అందుకోసం 12,000 రూపాయలు ఫీజు కట్టి జులై 15న మీ జిమ్‌లో చేరాను. రోజుకు మూడు గంటలు, వారానికి ఆరు రోజుల చొప్పున నవంబర్ 9 దాకా పదిహేడు వారాలు చేశాను. సిరిమాను రోజున ఊరంతా పైడితల్లి అమ్మవారి గుడి వైపు వెళ్తుంటే నేను జిమ్ తలుపు తీశాను. మీ హాజరు పట్టీలో నాకు 306 గంటలు ఉన్నాయి.

అందులో కోచింగ్ పని 94 గంటలే. 130 గంటలు రిసెప్షన్‌లో కూర్చున్నాను. మిగతా 82 గంటలు మెంబర్‌షిప్ అయిపోయినవాళ్ళకి ఫోన్లు చేశాను. మా కాలేజీకి మీరు రాసిచ్చిన పత్రంలో అర్హత ఉన్న కోచ్ వారానికోసారి వచ్చి నా పని చూస్తారని ఉంది. విశాఖ నుంచి రావాల్సిన ఆ కోచ్ మొత్తం నాలుగుసార్లు వచ్చారు. వచ్చిన ప్రతిసారీ ఎంతో నేర్పారు. స్క్వాట్‌లో మోకాళ్ళు లోపలికి పోయే కుర్రాడికి "మోకాళ్ళు బయటికి" అని పదిసార్లు అరవడం కన్నా "పాదాలతో నేలని రెండు పక్కలకీ నెట్టు" అని ఒక్కసారి చెబితే పని జరుగుతుందని ఆయన దగ్గరే తెలుసుకున్నాను. ఆయన మీద నాకే ఫిర్యాదూ లేదు. ఆయన్ని పంపాల్సింది మీరు.

మాది నెల్లిమర్ల మండలం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ 53 కిలోల విభాగంలో పతకం తెచ్చిన మత్స సంతోషి గారి కొండవెలగాడ మా మండలంలోనే ఉంది. ఆడపిల్లలు బరువులెత్తడం మాకు వింత కాదు. మీ జిమ్ గోడ మీద కరణం మల్లీశ్వరి గారి పెద్ద ఫొటో చూసినప్పుడు సరైన చోటికే వచ్చాననుకున్నాను. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రెండు రకాల లిఫ్టుల్లో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ ఆవిడ. ఆ ఫొటో కింద మాత్రం ఆడవాళ్ళు వాడే 15 కిలోల రాడ్డు ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ 20 కిలోలవే. తేడా బరువులోనే కాదు, మందంలో కూడా ఉంటుంది. ఆడవాళ్ళ రాడ్డు 25 మిల్లీమీటర్లు, మగవాళ్ళది 28. చేయి చిన్నదైతే పట్టు నిలవదు. ఈ మాట ఆగస్టులో చెప్పాను, సెప్టెంబర్‌లో కాగితం మీద రాసిచ్చాను. జవాబు రాలేదు.

అసలు గొడవ నా లాగ్‌బుక్‌లోని 41వ పేజీ దగ్గర మొదలైంది. పొద్దున బ్యాచ్‌లో ఎక్కువమంది కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి (దేహదారుఢ్య పరీక్షలకి) తయారయ్యే కుర్రాళ్ళు. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాలన్న టెన్షన్ వాళ్ళది. అందులో పంతొమ్మిదేళ్ళ అబ్బాయికి డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీది రాడ్డుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం, మొదటినుంచీ నేను నేర్పాను. 50 కిలోలు ఆరుసార్లు ఎత్తగలిగాడు. ఆరుని ముప్పైతో భాగించి, ఒకటి కలిపి, దాన్ని 50తో హెచ్చవేస్తే 60 వస్తుంది. అంటే లెక్క ప్రకారం వాడు ఒక్కసారికి ఎక్కువలో ఎక్కువ ఎత్తగలిగే బరువు దాదాపు 60 కిలోలు. కొత్తవాడికి అంత బరువు పెట్టి చూడనక్కర్లేదు కూడా. మీ ఫ్లోర్ ట్రైనర్ వీడియో కోసం వాడి చేత 90 ఎత్తించారు. నేను వద్దంటూనే ఉన్నాను. నడుం గుండ్రంగా వంగిపోయింది, రాడ్డు మోకాళ్ళ దాకా కూడా రాలేదు. నడుం పట్టేసి మూడు వారాలు గ్రౌండ్‌కి వెళ్ళలేకపోయాడు. వాళ్ళమ్మగారు జిమ్‌కి వచ్చి నన్నే అడిగారు, "నువ్వు చూడలేదా అమ్మా" అని. ఆ మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

జరిగింది జరిగినట్టు లాగ్‌బుక్‌లో రాశాను. అలా రాయడం ప్రాక్టికమ్ నియమం. ఆ పేజీ చించేస్తే 300 గంటలూ కోచింగ్ గంటలేనని సంతకం పెట్టిస్తానని మీ బ్రాంచి మేనేజర్ గారు అన్నారు. లేకపోతే సర్టిఫికెట్ రాదన్నారు. ఇంట్లో అందరూ "ఒక్క పేజీయే కదా, చించేసెయ్" అన్నారు. నాకు మనసొప్పలేదు. రేపు నేను కోచ్‌నై ఎవరి పిల్లాడి వీపు మీదో రాడ్డు పెడతాను. చేయని 206 గంటలు చేసినట్టు రాయించుకుని ఆ పని చేయలేను.

అందుకే మిమ్మల్ని అబద్ధపు సంతకం అడగడం లేదు. 94 గంటలకి సంతకం పెట్టించండి. మిగిలిన 206 గంటలు డిసెంబర్ నుంచి ఆ కోచ్ గారి దగ్గర చేయనివ్వండి, ఆయన్ని ఒప్పందం ప్రకారం వారం వారం పంపండి. అది కుదరకపోతే నా 12,000 రూపాయలు పదిహేను రోజుల్లో తిరిగిచ్చి, ఎందుకు కుదరలేదో మా కాలేజీకి లెటర్ రాయండి, ఇంకో చోట వెతుక్కుంటాను. ఆ అబ్బాయి వైద్యం ఖర్చు సంగతి వాళ్ళింటివాళ్ళతో మీరే మాట్లాడాలి. ఇందులో ఏదీ జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు విషయాలకి అక్కడ ఫీజు కూడా ఉండదని తెలుసుకున్నాను.

వచ్చే సోమవారం, 25న, పొద్దున ఆరింటికి లాగ్‌బుక్ తీసుకుని బ్రాంచికి వస్తాను. ఈలోగా మేనేజర్ గారికి చెప్పి ఉంచండి. 41వ పేజీ అందులోనే ఉంటుంది.

ఇట్లు,
మీ విజయనగరం జిమ్ ప్రాక్టికమ్ విద్యార్థిని.