బడిలో చేరేలోపే ఒక్కో కన్నూ విడిగా పరీక్షించాలి

సంపాదకులకు నమస్కారం.

బడులు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. ఒకటో తరగతిలో చేర్చుకునేటప్పుడు ఆధార్ కార్డు, పుట్టిన తేదీ పత్రం, ఫొటోలు అడుగుతాం. బిడ్డకు రెండు కళ్లూ సరిగ్గా కనిపిస్తున్నాయా అని మాత్రం అడగం. చాలా ఏళ్లుగా చిన్న తరగతులకు పాఠాలు చెబుతున్నదాన్ని. తల్లిదండ్రులకు, అధికారులకు ఈ మాట మీ పత్రిక ద్వారా చేరాలని రాస్తున్నాను.

చూపు అనగానే మన ఆలోచన కంటిగుడ్డు దగ్గరే ఆగిపోతుంది. నల్లగుడ్డు మీద పారదర్శకంగా ఉండే కార్నియా, దాని వెనకున్న లెన్స్ కలిసి వెలుగును వంచి కంటి లోపల వెనక వైపున్న రెటీనా అనే పొర మీద పడేలా చేస్తాయి. అక్కడ బొమ్మ తలకిందులుగా పడుతుంది. ఒక్కో కంటి నుంచి సుమారు 10 లక్షల నరాల పోగులు ఆ సమాచారాన్ని తల వెనక భాగంలోని మెదడు దాకా మోసుకెళ్తాయి. అసలు చూడటం జరిగేది అక్కడ. ఆ విద్య మెదడుకు పుట్టుకతోనే పూర్తిగా రాదు, మొదటి ఏడెనిమిదేళ్లలో నేర్చుకుంటుంది. ఆ వయసులో ఒక కన్ను స్పష్టమైన బొమ్మను, రెండో కన్ను మసక బొమ్మను పంపుతుంటే మెదడు మసకదాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పైకి కన్ను చక్కగానే ఉంటుంది, చూపు మాత్రం ఎదగదు. డాక్టర్లు దీన్ని అంబ్లియోపియా అంటారు, లేజీ ఐ అన్నా ఇదే. హ్యూబెల్, వీజెల్ అనే శాస్త్రవేత్తలు 1960లలో పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారాలు మూసి ఉంచి, తర్వాత తెరిచి చూశారు. కన్ను బాగానే ఉన్నా మెదడు దాని మాట వినడం మానేసింది. ఎదిగిన పిల్లికి అలాగే చేస్తే ఆ నష్టం జరగలేదు. వాళ్లకు 1981లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇందులో దుఃఖం ఏమిటంటే, పిల్లలు చెప్పరు. రెండో కన్ను బాగా కనిపిస్తుంటే బోర్డు చదివేస్తారు, ఆటలాడేస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. ఒక కంటికే ఎక్కువ పవర్ ఉండటం, మెల్లకన్ను, పుట్టుకతో వచ్చిన శుక్లం వంటివి దీనికి కారణాలు. మెల్లకన్ను అదృష్టమని ఇప్పటికీ మురిసిపోయే ఇళ్లున్నాయి. దయచేసి ఆ మాట నమ్మి బిడ్డ చూపు పోగొట్టవద్దు.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి చూపుతో సహా ఎన్నో పరీక్షలు చేయాలి. పథకం మంచిదే. చేసే తీరు గురించే నా బాధ. గోడకు చార్టు తగిలించి పిల్లలను వరుసలో నిలబెడతారు. ముందున్న పిల్ల "ఈ, ఎఫ్, పీ" అని పైకి చదువుతుంటే వెనకున్నవాళ్లకు తమ వంతు వచ్చేసరికి అక్షరాలు కంఠస్థం అయిపోతాయి. ఒక కన్ను మూసుకోమంటే వేళ్లు అడ్డం పెట్టుకుని సందుల్లోంచి చూస్తారు. అది మోసం కాదు, బాగా చదివి మెప్పు పొందాలన్న ఆశ. చేతివేళ్లకు బదులు అట్టముక్కతో కన్ను మూసి, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, చదవడం రాని పిల్లలకు 'ఈ' అక్షరం ఎటు తిరిగి ఉందో వేలితో చూపించమంటే చాలు. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు.

త్వరగా బయటపడితే వైద్యం కూడా తేలికే. అవసరమైన అద్దాలు పెట్టి, బాగున్న కన్నును డాక్టర్ చెప్పినన్ని గంటలు ప్యాచ్‌తో మూసి, బలహీనమైన కంటికి పని చెబుతారు. కానీ "ఇంత చిన్నదానికి అద్దాలేంటి, రేపు పెళ్లెలా అవుతుంది" అని వాటిని అటక మీద పడేసే పెద్దలున్నారు. ప్యాచ్ పెట్టగానే ఏడుస్తోందని రెండో రోజే తీసేస్తారు. తీరా ఇరవై ఏళ్లకు పోలీసు ఉద్యోగానికి వెళ్తే, మెడికల్‌లో ఒక కన్ను ఆనడం లేదని తేలుతుంది. అప్పుడు ఎంత ఖరీదైన అద్దాలు పెట్టినా మెదడు నేర్చుకోని చూపు పూర్తిగా రావడం చాలా కష్టం.

అందుకే వైద్య, విద్యా శాఖలకు నా విన్నపం. బిడ్డకు ఐదేళ్లు నిండేలోపు అంగన్‌వాడీలోనే ఒక్కో కన్నూ విడిగా పరీక్షించి, కుడి కన్ను ఎంత, ఎడమ కన్ను ఎంత అని రాసిన కాగితం తల్లి చేతికివ్వాలి. బడిలో చేరేటప్పుడు ఆ కాగితం అడగాలి. లేకపోతే చేర్చుకోవడం ఆపకుండా, ఆ నెలలోనే పరీక్ష చేయించాలి. అద్దాలు రాసిన పిల్లలకు అవి అందాయా, పెట్టుకుంటున్నారా అని మూడు నెలలకోసారి చూసే బాధ్యత ఒకరికి అప్పగించాలి. అదే జరగకపోతే పరీక్ష చేసి ఏం లాభం?

ఈలోగా తల్లిదండ్రులు ఇంట్లోనే ఒక పని చేయవచ్చు. బిడ్డ టీవీలో ఇష్టమైన బొమ్మలు చూస్తున్నప్పుడు మీ అరచేతితో ఒక కన్ను, కాసేపాగి రెండో కన్ను మూయండి. ఒక వైపు మూసినప్పుడు మాత్రమే చెయ్యి తోసేస్తుంటే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. తోయకపోయినా అసలు పరీక్ష మానవద్దు. ఫొటోల్లో కనుపాప తెల్లగా మెరుస్తుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. అది కంటి క్యాన్సర్ కూడా కావచ్చు.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, నర్సీపట్నం