దిండు కింద ఛార్జింగ్ పెడుతున్నారు, కాస్త గమనించండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను అమీర్‌పేటలో అబ్బాయిల హాస్టల్ నడుపుతున్నాను. మైత్రీవనం దగ్గర కోచింగ్‌లకు వచ్చే పిల్లలు నలభై మంది దాకా ఉంటారు. పోయిన ఏప్రిల్లో మా రెండో అంతస్తులో జరిగిన సంగతి మిగతా హాస్టళ్ల వాళ్లకు, తల్లిదండ్రులకు తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

రాత్రి ఒంటిగంటన్నరకు వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. పైన ఏదో కాలుతున్న వాసన వస్తోందన్నాడు. నేను వెళ్లేసరికి ముగ్గురు పిల్లలు వరండాలో దగ్గుతూ నిలబడ్డారు. నాలుగో అబ్బాయి చూపుడు వేలు కాలింది. వాడి మంచం మీద దుప్పటికి అరచేయంత కన్నం, పక్కనే ఛార్జింగ్ వైరు, దాని చివర కరిగి అంటుకుపోయిన ప్లాస్టిక్ ముద్ద. "పవర్ బ్యాంక్ ఆంటీ" అన్నాడు. కాదని చూడగానే తెలిసింది. వాడు వణికిపోతున్నాడు, అప్పుడేమీ అనలేకపోయాను. మెయిన్ ఆపించి, నీళ్లు కొట్టి, పరుపును బాల్కనీలోకి లాగించాం. ఆరిపోయిందనే అనుకున్నాం. తెల్లవారుజామున ఐదింటికి చూస్తే ఆ దూది పరుపులోంచి ఇంకా సన్నగా పొగ వస్తోంది. కర్రతో దూది విడదీస్తే లోపల ఎర్రటి నిప్పు. దాన్ని గదిలోనే వదిలేసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది.

అది వేప్, అంటే బ్యాటరీతో పనిచేసే ఈ-సిగరెట్. మన దేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి, డిసెంబరులో చట్టం చేసి వీటి తయారీ, దిగుమతి, అమ్మకం అన్నీ నిషేధించారు. ఇవి అమ్ముతూ మొదటిసారి దొరికితేనే ఏడాది దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిషేధం మంచిదే, అందులో నాకు రెండో మాట లేదు. అయినా పిల్లల చేతుల్లోకి ఎలాగో వస్తున్నాయి. దొంగతనంగా వచ్చిన వస్తువు కాబట్టి ఛార్జింగ్ కూడా దొంగతనంగానే పెడుతున్నారు. ఫోనైతే టేబుల్ మీద నలుగురి ముందూ పెడతారు. దీన్ని అందరూ పడుకున్నాక దిండు కిందో దుప్పటి లోపలో పెట్టి నిద్రపోతారు. వేడి బయటికి పోయే దారి ఉండదు, చూసేవాళ్లూ ఉండరు.

కోఠిలో మొబైల్ రిపేర్ షాపు ఉన్న మా తమ్ముడికి ఆ ముద్ద చూపించాను. వాడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను. అందులో ఉండేది ఫోన్లో ఉండేలాంటి లిథియం బ్యాటరీయే. 4.2 వోల్టులకు చేరితే నిండినట్టు, అక్కడ ఛార్జింగ్ ఆగిపోవాలి. ఆపే పని వస్తువు లోపలి చిన్న సర్క్యూట్‌ది. మంచి కంపెనీ ఫోన్లో అది గట్టిగా ఉంటుంది. ఊరూ పేరూ లేని ఈ సరుకులో ఉందో లేదో చెప్పలేం, ఎవరూ పరీక్షించి ముద్ర వేసిన వస్తువు కాదుగా.

పెద్ద వాట్ల ఛార్జర్ పెట్టినందుకే పేలిందని పిల్లలు అనుకుంటున్నారు. అది పొరపాటట. ఛార్జర్ మీద 2 ఆంపియర్లు అని ఉంటే అది ఇవ్వగలిగే గరిష్ఠం, వస్తువు తనకు కావలసినంతే లాక్కుంటుంది. సరైన ఫాస్ట్ ఛార్జర్ కూడా మామూలుగా 5 వోల్టులే ఇస్తుంది, అవతలి వస్తువు అడిగితేనే పెంచుతుంది. అసలు భయపడాల్సింది వోల్టేజీ నిలకడగా ఇవ్వని రోడ్డు పక్క ఛార్జర్లకు. వేలు కాలిన ఆ అబ్బాయి పెట్టింది అదే, వంద రూపాయలది. తన ఫోన్ ఛార్జర్‌తో వేప్‌కు ఛార్జింగ్ ఎక్కడంలేదని కొన్నాడట. రెండు వైపులా టైప్‌సీ ఉన్న కేబుల్‌తో చవక వస్తువులు కొన్ని ఛార్జ్ కావు, వస్తువు తగిలించిన సంగతి ఛార్జర్‌కు తెలిపే చిన్న రెసిస్టర్లు లోపల పెట్టరు కాబట్టి. ఆ సంగతి తెలియక ఛార్జరే పాడైందనుకున్నాడు.

మరి ఏది కొనాలి? అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు చూడాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు వివరాలు వస్తాయి. నేను మా హాస్టల్లో ఉన్నవన్నీ అలాగే చూసి, తేలనివి ఏడు తీసి పారేశాను.

వేప్‌లలో బ్యాటరీని బయటికి తీసే రకాలు ఇంకా ప్రమాదం. తమ్ముడి దగ్గర అలాంటి బ్యాటరీ ఒకటి చూశాను, చిటికెన వేలంత పొడవు, 18 మిల్లీమీటర్ల లావు. చుట్టూ పల్చటి ప్లాస్టిక్ తొడుగు. పై అంచు దగ్గర గోరంత చిరిగి లోపలి ఇనుము మెరుస్తోంది. ఒళ్లంతా నెగెటివ్, నడినెత్తిన బొడిపె ఒక్కటే పాజిటివ్. అది జేబులో ఉన్నప్పుడు తాళంచెవో చిల్లరో తగిలి ఆ నెగెటివ్‌నూ పాజిటివ్‌నూ కలిపితే క్షణాల్లో నిప్పు కక్కవచ్చు. కొన్ని పవర్ బ్యాంకులకూ, టార్చిలకూ ఇలాంటి సెల్సే వాడతారు, అందుకే ఇది ఒక్క వేప్‌ల గొడవ అనుకోకండి.

వేడి వీటికి అసలు పడదు. 45 డిగ్రీలు దాటిన బ్యాటరీకి ఛార్జింగ్ పెట్టకూడదట. మే నెలలో రేకుల షెడ్డు గదుల్లో ఆ వేడి రావడం ఎంతసేపు? ఎండలోంచి వచ్చిన ఫోన్ అయినా సరే, చల్లబడ్డాకే పెట్టాలి. ఉబ్బిన బ్యాటరీని ఇక వాడకూడదు, చెత్తబండిలో అసలే వేయకూడదు. బండిలో నలిగితే అక్కడ పనిచేసే మనుషుల మీదకు వస్తుంది.

ఆ సంఘటన తర్వాత హాల్లో గోడవారగా ఒక కడప బండ వేయించి, దాని పైన స్విచ్ బోర్డు పెట్టించాను. రాత్రి పదింటి తర్వాత గదుల్లో ఛార్జింగ్ లేదు, ఏదైనా ఆ బండ మీదే, అందరి కళ్లముందే. పిల్లలను కూర్చోబెట్టి, వేప్ ఉన్నవాళ్లు తెచ్చి ఇస్తే ఇంట్లో చెప్పనని మాటిచ్చాను. వారంలో మూడు వచ్చాయి. వాటిని ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగించాను. కాలేజీల వాళ్లు, తల్లిదండ్రులు కూడా భయపెట్టడం కాస్త తగ్గించి ఇలా అడిగి చూడండి. భయపడ్డ పిల్లాడు మానేయడం లేదు, దిండు కిందకు జరుపుతున్నాడు.

హాస్టళ్ల తనిఖీకి వచ్చే అధికారులకు ఒక విన్నపం. మీరు వంటగది, నీళ్ల ట్యాంకు చూసి సంతకం పెడుతున్నారు. ఈసారి వచ్చినప్పుడు గదుల్లోకి కూడా రండి. మంచాల మీద వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోండి. మా హాస్టల్‌తోనే మొదలుపెట్టండి.

- ఒక హాస్టల్ నిర్వాహకురాలు, అమీర్‌పేట, హైదరాబాద్