పెళ్లికొడుకు కోటు గురించి బాపుకు

లండన్

బాపూ,

నేను క్షేమం. మీరంతా బాగున్నారని తలుస్తాను. ఉద్యోగం ఎప్పటిలాగే నడుస్తోంది, రాత్రి డ్యూటీలు ఈ నెలతో అయిపోతాయి.

పెళ్లికొడుకు కోటు విషయంలో నీకూ అతనికీ మాట పట్టింపు వచ్చిందని నిన్న అమ్మ ఫోనులో చెప్పింది. ఒంటికి అతుక్కున్నట్టు, పొట్టిగా కుట్టమన్నాడట. అలాంటిది నా చేత్తో కత్తిరించనన్నావట. కోటు పిరుదులను కప్పాలని, గుండీ పెడితే అక్కడ బట్ట ముడతలు పడి లాక్కుపోకూడదని చిన్నప్పటి నుంచీ నీ దగ్గర వింటూనే ఉన్నాను. కానీ అతను మన ఇంటి అల్లుడు కాబోతున్నాడు. గిరాకీతో మాట్లాడినట్టు మాట్లాడకు బాపూ.

మొన్న సెలవు రోజున ఇక్కడ దర్జీలకు పేరుపడ్డ సావిల్ రో వీధికి వెళ్లాను. రోడ్డు మీద నిలబడి కిందికి చూస్తే నేలమాళిగల్లో కోట్లు కుట్టేవాళ్లు కనిపిస్తారు. హెన్రీ పూల్ అనే దర్జీ దుకాణం వాళ్లు ఆ వీధి వైపు తలుపు తెరిచింది 1846లో. ఒక్కో సూటుకు కనీసం 50 గంటల చేతిపని ఉండాలని అక్కడి దర్జీల సంఘం నియమం. ఒక దుకాణం అద్దం వెనక తెల్ల దారంతో కచ్చా కుట్లు వేసిన కోటు ఉంది, ఇంకా చేతులు ఎక్కించలేదు. హనుమకొండ చౌరస్తాలో మన దుకాణం కళ్ల ముందు కదిలింది. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

అక్కడా అందరిదీ ఒకే మాట కాదు. కొందరు భుజం గట్టిగా నిలబెట్టి నడుము దగ్గర నొక్కుతారు. ఇంకొందరు భుజం మెత్తగా వదిలి, ఛాతీ మీద కాస్త బట్ట ఆడేలా కోస్తారు. ఇటలీలో నేపుల్స్ వాళ్లయితే చొక్కాకు ఎక్కించినట్టు చిన్న ముడతలతో చేయి ఎక్కిస్తారు. నువ్వు చూస్తే విప్పి మళ్లీ కుట్టమంటావు. ఎవరి కోత వారిదే అయినా చంక దగ్గర మాత్రం మంచి దర్జీలందరూ నీ మాటే అంటారు. చంక పైకి ఉంటేనే చేయి ఎత్తినప్పుడు కోటు మొత్తం లేవదు. అది అతనికి నోటితో చెప్పకు. ట్రయల్ రోజున చేతులు ఎత్తి చూడమను. బరాత్‌లో ఎగరాల్సినవాడు, తనకే తెలుస్తుంది. నడుము దగ్గర కొంచెం బిగించు, పొడవులో ఒక అంగుళం తగ్గించు. భుజం మాత్రం తగ్గించకు. పెళ్లి ఎండల్లో కదా, వీపులో లైనింగు సగమే వేస్తే చాలు. లోపల మార్జిన్ మాత్రం నిండుగా వదులు.

మార్జిన్ సంగతి ఎందుకింతగా చెబుతున్నానంటే, నీ దగ్గర ఒకటి దాచాను. నేను వచ్చేటప్పుడు నువ్వు కుట్టిచ్చిన నీలం కోటు ఇక్కడ వదులుగా అనిపించింది. చుట్టూ అందరూ బిగుతు కోట్లే వేసుకునేవారు. నీకు చెప్పకుండా ఒక దుకాణంలో బిగించమని ఇచ్చాను. వాళ్లు బిగించి, లోపల నువ్వు వదిలిన బట్టంతా కత్తిరించేశారు. ఇప్పుడు నేను ఒళ్లు చేశాను. విప్పుదామంటే లోపల ఏమీ లేదు. ఫొటోలో గుండీ ఎందుకు పెట్టుకోలేదని అమ్మ అడిగితే ఉక్కగా ఉందన్నాను. అది నిజం కాదు. నేను సరిగ్గా తినడం లేదని అమ్మ బెంగ పెట్టుకోనక్కర్లేదని కూడా చెప్పు. రోజూ వండుకుంటున్నాను, పచ్చి పులుసు కూడా కుదురుతోంది.

కాపువాడ ఇంటి కప్పు బాగు చేయించారా? డబ్బు పదో తారీఖున పంపుతాను.

నీ చేయి వణుకుతోందని చెల్లి చెప్పింది. నువ్వు చెప్పలేదు. డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లు, నా మీద ఒట్టు. నీ సూదిలో దారం ఎక్కించేది చెల్లే కదా, ఈ పెళ్లి పనుల్లో దానికి తీరిక ఉండదు. కుట్టు అంతా అయిపోయినా కాజాలు మాత్రం ఆపి ఉంచు. పెళ్లికి పది రోజుల ముందే కాజీపేటలో దిగుతాను. దారం నేను ఎక్కించి ఇస్తాను.

నీ కొడుకు