పొద్దుపోక కాదండీ

సంపాదకులకు,

నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవాళ్లను చూసుకునే హాస్పిస్‌లో పనిచేసే రిటైరైనవాళ్ల గురించి పది రోజుల కిందట మీరు అరపేజీ వ్యాసం వేశారు. ఆ రోజే రాయబోతే, కోపం తగ్గాక రాయమంది మా ఆవిడ. తగ్గలేదు.

‘పొద్దుపోని పెద్దలు’ అని మొదలుపెట్టారు. ఆ ముక్కను నేనే పైకి చదవాల్సి వచ్చింది. వారానికి రెండు రోజులు ఒక పెద్దాయన మంచం పక్కన కూర్చుని మీ పేపరే చదివి వినిపిస్తాను. ఒకప్పుడు లారీ నడిపిన మనిషి. కళ్లు మూసుకుని అంతా విని, “మాకు పొద్దు చాలక, మీకు పొద్దు పోక. జోడీ బాగానే కుదిరింది మాస్టారూ” అన్నారు. ఆయన నవ్వారు కాబట్టి నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

పొద్దుపోవడానికైతే టీవీ ఉంది. ఈ పనికి శిక్షణ ఇచ్చారు, అందులో సగం చేయకూడని పనులే. నర్సును అడక్కుండా గుక్కెడు నీళ్లు కూడా పట్టకూడదు, మింగలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఎండిన పెదాలను తడి స్పాంజితో అద్దాలి, రుద్దకూడదు. నిలబడి మాట్లాడకూడదు, కుర్చీ లాక్కుని వాళ్ల కళ్ల ఎత్తుకు కూర్చోవాలి. ‘తగ్గిపోతుంది లెండి’ అనకూడదు. 35 ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు అన్నిటికంటే కష్టమైంది నోరు మూసుకుని కూర్చోవడం. మా అన్నయ్య పోయిన కొత్తలో వస్తానంటే ఏడాది ఆగి రమ్మన్నారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. కానీ దుఃఖం పచ్చిగా ఉన్నవాడు మంచం మీది మనిషిని చూడడు, తనవాణ్నే వెతుక్కుంటాడు.

ఇక ‘మృత్యువు కోసం ఎదురుచూసే గది’ అట! నేటి హాస్పిస్‌కు దారి వేసిన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ తెరిచింది ఎదురుచూడటానికి కాదు. నొప్పితో కేకలు పెట్టాక కాదు, అది తిరగబెట్టకముందే వేళకు మార్ఫిన్ ఇవ్వాలని పట్టుబట్టారావిడ. డాక్టరు చదువుకు ముందు, 1948లో, ఆవిడా మాలాగే సాయంత్రాలు వలంటీరుగా వెళ్లారు. అదీ పొద్దుపోకేనా? 2005లో ఆవిడ కన్నుమూసింది కూడా తాను పెట్టిన ఆ హాస్పిస్‌లోనే.

అయినా మిమ్మల్ని ఒక్కరినే అని ఏం లాభం. అక్టోబరు రెండో శనివారం ప్రపంచ హాస్పిస్, పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) దినోత్సవం. కిందటిసారి వచ్చిన అధికారిగారు నాలుగు మంచాల దగ్గర నాలుగు ఫొటోలు దిగి, నిద్రలో ఉన్న ఒకామెకు ‘గెట్ వెల్ సూన్’ చెప్పి వెళ్లిపోయారు. ప్రపంచంలో ఏటా 5.68 కోట్ల మందికి ఈ సంరక్షణ కావాలనీ, అందుతున్నది 14 శాతం మందికేననీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ మాట ప్రసంగంలో ఎక్కడా లేదు. నాకిచ్చిన మెమెంటో మీద నా పేరు కూడా తప్పే.

ఇప్పుడేమో వలంటీర్లంతా ఆన్‌లైన్‌లో మళ్లీ నమోదు చేసుకోవాలట. ఆ ఫారంలో పుట్టిన సంవత్సరాల జాబితా 1960 దగ్గర ఆగిపోయింది. నాది 1953. ఫోన్ చేస్తే, “1960 పెట్టేయండి సార్, ఎవరు చూస్తారు” అన్నారు. రోగికి అబద్ధం చెప్పొద్దని శిక్షణ, రోగి దగ్గరికి వెళ్లాలంటే అబద్ధం రాయమని సలహా!

ఆ ‘పొద్దుపోని’ అన్న మాటకు సవరణ వేయండి. నేనే చదివి వినిపిస్తాను. కాస్త త్వరగా వేస్తే మంచిది. మా దగ్గర మీ పాఠకులు ఎక్కువ రోజులు ఆగలేరు.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు