కోవిడ్ వార్డు సిస్టర్లకు, బ్రదర్లకు కృతజ్ఞతలు

నాన్న నిన్న ఇంటికొచ్చారు. నాలుగడుగులు వేస్తే ఇంకా ఆయాసం వస్తోంది గానీ, ఆక్సిజన్ పెట్టకుండానే శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 95 దగ్గర నిలబడుతోంది. బెడ్ కోసం అర్ధరాత్రి తిరిగిన తమ్ముడి స్నేహితులకూ, రోజూ కనుక్కున్న బంధువులకూ విడిగా ఫోన్ చేసి చెబుతాను. ఈ పోస్టు మాత్రం మా ప్రభుత్వాసుపత్రి కోవిడ్ వార్డులో పనిచేసిన నర్సుల కోసం.

ఇంజెక్షన్లు వేళకు చేశారని రాస్తే, అది మా డ్యూటీయే కదమ్మా అంటారు మీరు. నేను చెప్పాలనుకున్నది వేరే. ఆక్సిజన్ ట్యాంకర్ ఎప్పుడొస్తుంది, వెంటిలేటర్ ఎవరికి పెట్టాలి, రెమ్డెసివిర్ ఇంజెక్షన్ ఎన్ని వయల్స్ ఇస్తారు, ఇంటివాళ్ళను లోపలికి పంపాలా వద్దా, ఇవేవీ మీరు తేల్చేవి కావు. కానీ వాటన్నిటికీ జవాబు చెప్పాల్సి వచ్చింది మాత్రం మీరే. తేల్చినవాళ్ళు వార్డులో ఉండరు, మీరుంటారు.

2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారన్న వార్త రాత్రికల్లా అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. నాన్న వార్డులో ఎవరికీ నిద్ర లేదట. గోడకున్న ఆక్సిజన్ ఫ్లో మీటర్ల కింది నీళ్ళ సీసాల్లో బుడగలు వస్తున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నారట. నైట్ డ్యూటీ సిస్టర్ ప్రతి బెడ్ దగ్గరికీ వెళ్ళి, "మనకు తెల్లారేదాకా సరిపడా ఉంది, బోర్లా పడుకోండి" అని చెప్పారు. నాన్న పడుకున్నారు. డిశ్చార్జి రోజున ఆవిడే వచ్చి, "ఎంత ఉందో నాకూ తెలీదు బాబాయి గారూ, ఆ రాత్రి అందరికీ అబద్ధం చెప్పాను" అన్నారట.

సిస్టర్, ఆ మాట మీ మనసులో ఇంకా మెదులుతోందని నాన్నకు అనిపించింది. భయంతో లేచి కూర్చుంటే ఆయనకు శాచురేషన్ ఇట్టే పడిపోయేది. నాన్న దాన్ని అబద్ధం కింద లెక్కేయట్లేదు, మేమూ అంతే.

పక్క బెడ్ ఆయన గురించి కూడా చెప్పాలి. భార్యకూ పాజిటివ్, వేరే ఊళ్ళో ఐసోలేషన్‌లో ఉన్నారు. చివరి రోజున ఒక సిస్టర్ తన సొంత ఫోన్‌కు కవర్ చుట్టి, వీడియో కాల్ చేసి, ఆయన ముఖం ముందు పట్టుకుని నిలబడ్డారు. ఆ భార్యాభర్తల మాటలు వినకూడదని కాబోలు, తల పక్కకు తిప్పుకున్నారట. ఆయన పోయాక దేహాన్ని ప్యాక్ చేసే పనీ ఆమె మీదే పడింది. అది ముగించి నాన్నకు బీపీ చూడటానికి వచ్చారు. మధ్యలో కూర్చుని ఏడవడానికి ఐదు నిమిషాలైనా ఎవరిచ్చారు ఆమెకు?

పీపీఈ కిట్‌లో ఆరేసి గంటలు, మంచినీళ్ళు లేకుండా, బాత్రూముకు వెళ్ళకుండా. వీపు మీద మార్కర్‌తో రాసుకున్న పేర్లే నాన్నకు తెలుసు, ముఖాలు తెలియవు. ఒకావిడ ఇంటికెళ్ళకుండా హాస్టల్లో ఉంటూ పిల్లలను తల్లి దగ్గర వదిలారట. 2020 మే 3న హైదరాబాద్ గాంధీ ఆసుపత్రి మీద హెలికాప్టర్‌తో పూలు చల్లారు. బాగానే ఉంది. నర్సు అని తెలిసి అద్దె ఇల్లు ఖాళీ చేయమన్నవాళ్ళూ ఆ ఏడాదే కనిపించారు మరి.

చీరలు, స్వీట్లు తెస్తామంటే హెడ్ నర్సు గారు ఒప్పుకోలేదు. "రాసి సూపరింటెండెంట్ గారికి ఇవ్వండి. మాలో సగంమంది కాంట్రాక్టు వాళ్ళే, రెన్యువల్ అప్పుడు పనికొస్తుంది" అన్నారు. నాన్న గుర్తుచేసుకుని చెప్పిన పేర్లన్నీ పెట్టి ఉత్తరం రాశాను. సోమవారం ఇస్తున్నాం. మే నెలలో ఆ వార్డులో మీవాళ్ళెవరైనా ఉండి ఉంటే నాకు మెసేజ్ పెట్టండి, మీ సంతకం కూడా తీసుకుంటాను. మీకు గుర్తున్న పేర్లు ఇందులో లేకపోతే అవీ చేరుస్తాను.