మూడో వీధి పెద్దాయనకు కృతజ్ఞతలు

మా ఇంటికి కరెంటు తిరిగి వచ్చి నేటికి నాలుగు రోజులు, హరికేన్ అనే పెద్ద తుపాను తీరం దాటి ఇరవై రెండు రోజులు. మాకు సాయపడిన వారందరికీ కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇప్పటికి మూడుసార్లు కూర్చున్నాను, మూడుసార్లూ మొదటి వాక్యం దాటలేక లేచిపోయాను. ఈ రాత్రి అత్తయ్య నిద్రపోయారు. కింద గోడలు ఆరబెట్టే ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకే శబ్దమూ లేదు. అందుకని మనసులో ఉన్నది ఉన్నట్టు రాసేస్తున్నాను. అలసటలో ఎవరినైనా మరచిపోతే దయచేసి మన్నించండి.

మేము అమెరికా దక్షిణాన గల్ఫ్ తీరంలోని ఈ ఇంటికి మార్చిలో మారాము. అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుందని తెలుసు. నీళ్ళు, మందులు, టార్చిలైట్లు, ముఖ్యమైన కాగితాలు ఒక డబ్బాలో సర్దిపెట్టుకోవాలన్న సలహా చదివి, ఒక్కొక్కరికి రోజుకు ఒక గ్యాలన్ చొప్పున నీళ్ళు కూడా నిల్వ చేసుకున్నాను. అంతటితో సిద్ధమయ్యామని నిజంగానే నమ్మాను. హెచ్చరిక వచ్చేనాటికి మావారు ఉద్యోగం పని మీద వేరే రాష్ట్రంలో ఉన్నారు, విమానాలు రద్దయ్యాయి. ఇంట్లో ఉన్నది నేను, పదకొండేళ్ళ మా అబ్బాయి, రాత్రిపూట ఆక్సిజన్ యంత్రం లేనిదే పడుకోలేని మా అత్తయ్య.

ఆ సాయంత్రం నేను కిటికీ అద్దాల మీద అడ్డంగా, నిలువుగా టేపు అంటిస్తున్నాను. వీధిలో పోతున్న ఒక పాత ట్రక్కు మా ఇంటి ముందు ఆగింది. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దమనిషి దిగి, లోపలికి రావచ్చునా అని అడిగి, నా టేపును కాసేపు చూసి, అది అద్దాన్ని ఆపదని, పైగా పగిలినప్పుడు పెద్ద పెద్ద ముక్కలు ఒక్కటిగా ఎగిరి మీద పడతాయని చెప్పారు. తప్పు పట్టినట్టు కాక, పక్కింటి పిల్లకు చెప్పినట్టు చెప్పారు. మూడు వీధుల అవతల ఉంటారట. అంతకుముందు ఆయన ముఖం కూడా నేనెరుగను. ఆయన పేరు రాయవద్దని కోరారు కనుక రాయడం లేదు.

ప్లైవుడ్ కోసం పొద్దున్నే మూడు దుకాణాలు తిరిగానని, ఎక్కడా ఒక్క షీటు కూడా మిగల్లేదని చెప్పాను. ఆయన తలూపి వెళ్ళి, అరగంటలో తన షెడ్డులో ఉన్న షీట్లు, రంపం, డ్రిల్లు ట్రక్కులో వేసుకుని వచ్చారు. మావి పదకొండు కిటికీలు. నాలుగు గంటలకు మొదలుపెట్టి చీకటి పడేదాకా కొలవడం, కోయడం, నిచ్చెన ఎక్కి స్క్రూలు బిగించడం ఆయన పని. పట్టుకుని నిలబడడం నాదీ మా అబ్బాయిదీ. మేకులు కొడితే గాలికి ఊడిపోతాయని, స్క్రూ అద్దం చుట్టూ ఉన్న చట్రం దాటి గోడలోని కర్రలోకి దిగాలని అబ్బాయికి చూపించి, వాడి చేతే రెండు బిగింపించారు. ప్రతి చెక్క మీద అది ఏ కిటికీదో పెన్సిలుతో రాయించారు. తొమ్మిది కిటికీలు పూర్తయ్యేసరికి షీట్లు అయిపోయాయి. ఆయన ఏమీ అనకుండా ఇంటికి వెళ్ళి, నలభై నిమిషాల తరువాత ముందే కోసి ఉన్న రెండు చెక్కలతో తిరిగి వచ్చారు. అవి మా కిటికీల కన్నా కొంచెం పెద్దవి. ఎక్కడ దొరికాయని అడిగితే, దగ్గర ఉన్నవేనని అన్నారు. నేను ఇంకేమీ అడగలేదు. ఎందుకు అడగలేదా అని ఈ ఇరవై రెండు రోజులుగా అనుకుంటూనే ఉన్నాను.

తరువాత గరాజు తలుపు చూశారు. నేను దాని సంగతే ఆలోచించలేదు. ఇంటికున్న ద్వారాలలో అదే అన్నిటికన్నా వెడల్పైనది, బలహీనమైనది కూడా. అది లోపలికి వంగిపోతే గాలి ఇంట్లోకి దూరి పైకప్పును కింది నుంచి ఎత్తేస్తుందని, బయటి గాలి అదే సమయంలో పై నుంచి లాగుతుందని, చాలా ఇళ్ళ కప్పులు అలాగే లేచిపోతాయని వివరించి, లోపలి వైపు నిలువుగా దూలాలు పెట్టి బిగించారు. మా కప్పు ఈ రోజు గోడల మీదే ఉంది. కొన్ని పెంకులు పోయాయి, అంతే.

పనంతా అయ్యాక మంచినీళ్ళు తాగుతూ, ఎప్పుడు బయలుదేరుతున్నారని అడిగారు. ఇది 2వ శ్రేణి హరికేనే కదా, పైగా హరికేన్ అంచనా పటంలో చూపే శంకువు ఆకారానికి మేము అంచున ఉన్నాము కదా, ఇంట్లోనే ఉండిపోదామనుకుంటున్నానని చెప్పాను. ఆయన అప్పుడు చెప్పిన మాటలు ఈ తీరానికి కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ తెలియాలి. ఆ శంకువు హరికేన్ కేంద్రం ఏ దారిన పోవచ్చునో మాత్రమే చూపుతుంది, దాని పరిమాణాన్ని గాని, నష్టం ఎంత దూరం పాకుతుందో గాని చెప్పదు. 1 నుంచి 5 వరకు ఉన్న సఫిర్–సింప్సన్ శ్రేణి గాలి వేగాన్ని మాత్రమే కొలుస్తుంది, నీటిని కొలవదు. 2008లో ఐక్ హరికేన్ టెక్సస్‌లోని గాల్వెస్టన్ దగ్గర తీరం దాటినప్పుడు 2వ శ్రేణిదే, అయినా ఆ పక్కనే ఉన్న బొలివర్ ద్వీపకల్పం మీదికి 15 నుంచి 20 అడుగుల ఎత్తున సముద్రం వచ్చింది. గాలి నుంచి దాక్కోవచ్చు గాని నీటి నుంచి పారిపోవలసిందేనని ఇక్కడి పాతవాళ్ళు చెప్పుకునే మాట కూడా అప్పుడే విన్నాను.

అత్తయ్య మా మాటలు వింటూ కూర్చున్నారు. ఆమెకు ఇంగ్లీషు అంతగా అర్థం కాదు. ఇల్లు కదిలేది లేదని రెండు రోజులుగా పట్టుబట్టి ఉన్నారు. ఏమంటున్నారని అడిగితే, సముద్రం పొంగి ఊళ్ళోకి వస్తుందంటున్నారని చెప్పాను. "ఉప్పెనా?" అన్నారు. అవునన్నాను. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు పోయిన వేలమందిలో ఆమె మేనత్త కుటుంబం మొత్తం ఉంది. అత్తయ్య మరో మాట లేకుండా లేచి, తన మందుల సంచి తెచ్చుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ పెద్దాయనకు తెలుగు మాట అర్థం కాకపోయినా ఆమె ముఖం అర్థమైంది. టోపీ తీసి నమస్కరించినట్టు తల వంచారు. వంతెనలు, పల్లపు రోడ్లు తప్పించుకుని లోపలి ప్రాంతానికి వెళ్ళే దారిని ఒక కాగితం మీద గీసి ఇచ్చి, చీకటితోనే బయలుదేరమన్నారు. పన్నెండు అంగుళాల ప్రవాహం చాలు, చిన్న కారును తేల్చి లాక్కుపోతుందని రెండుసార్లు చెప్పారు.

మేము మా తమ్ముడి ఇంటికి చేరాము. తమ్ముడు, మరదలు మమ్మల్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నారు, మావారు మూడో రోజుకల్లా కారులో వచ్చి కలిశారు. వాళ్ళకు ఇక్కడ కృతజ్ఞతలు చెబితే కోప్పడతారు.

నాలుగో రోజున మావారు, నేను, అబ్బాయి తిరిగి వచ్చేసరికి కింది అంతస్తులో మూడడుగుల ఎత్తున గోడ చుట్టూ బురద గీత ఉంది. సోఫా వంటగదిలోకి వచ్చి ఉంది. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. ఆ వాసన గురించి రాయను. మేము ఇంట్లోనే ఉండి ఉంటే, ఆ చీకట్లో, ఆక్సిజన్ యంత్రంతో, అత్తయ్యను మెట్లు ఎక్కించే ప్రయత్నం చేస్తూ ఉండేవాళ్ళం. అయితే పదకొండు కిటికీల్లో ఒక్క అద్దం కూడా పగల్లేదు, వాటి గుండా పై అంతస్తులోకి చుక్క నీరు రాలేదు. ఈ రోజు మేము తల దాచుకున్నది ఆ పై అంతస్తులోనే.

చెక్కలు ఊడదీస్తుండగా, చివరి రెండింటి లోపలి వైపు వేరే రాత ఉందని మా అబ్బాయి పిలిచాడు. వాడు రాసింది కాదు. పాత స్క్రూ రంధ్రాల పక్కన, పెన్సిలుతో, గుండ్రని చేతిరాతలో, ఒకదాని మీద వంటగది ఎడమ అని, రెండోదాని మీద వంటగది కుడి అని ఇంగ్లీషులో రాసి ఉంది. మా వంటగదికి ఉన్నది ఒకటే కిటికీ. నేను ఆ రెండు చెక్కలను అక్కడే వదిలి, బురద చెప్పులతోనే మూడు వీధులు నడిచి వెళ్ళాను.

ఆయన ఇల్లు ఎత్తైన స్తంభాల మీద కట్టినది కనుక నీరు లోపలికి రాలేదు. వంటగది కిటికీలు రెండూ లేవు. ఆ ఖాళీలకు నీలం టార్పాలిన్ కొట్టి ఉంది. లోపల సీలింగు తడిసి ఊడిపడింది, అల్మరాలు ఉబ్బిపోయాయి. ఆయన చీపురుతో అద్దం పెంకులు ఊడుస్తున్నారు. నేను మాట్లాడలేకపోయాను. ఆయనే ముందుగా, అత్తయ్య ఎలా ఉన్నారని అడిగారు. ఎందుకిలా చేశారని నేను అడగగలిగేసరికి చాలాసేపు పట్టింది. ఆ రాత్రికి మీరు వెళ్ళగలరో లేదో నాకు తెలియదు, మీ ఇంట్లో పెద్దావిడ, పిల్లవాడు ఉన్నారు, నా ఇంట్లో నేనొక్కణ్ణే కదా అన్నారు. అది ఆయనకు జవాబు చెప్పవలసిన ప్రశ్నగా కూడా తోచలేదు. ఆ చేతిరాత ఆయన భార్యది. ఆమె పోయి ఆరేళ్ళయింది. ప్రతి ఏడూ చెక్కలు ఆయన బిగిస్తుంటే, ఏది ఎక్కడిదో ఆమె రాసేదట. మరునాడు చెక్కలు తిరిగి ఇచ్చినప్పుడు ఆయన చెక్కలను చూడలేదు. వేలితో తాకకుండా, ఆ రాత చెరిగిందా లేదా అన్నది మాత్రం చూసుకున్నారు. చెరగలేదు. నాకు అప్పుడు వచ్చిన ఏడుపు ఇల్లు మునిగినందుకు రాలేదు.

అంతటితో కూడా ఆయన ఆగలేదు. తడిసిన గోడలలో ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుందని చెప్పి, మాతో కలిసి నాలుగడుగుల ఎత్తు దాకా గోడ పలకలు కోసి తీయించారు. పన్నెండో రోజున అత్తయ్యను తీసుకువచ్చి, ఎరువు తెచ్చుకున్న జనరేటరును గరాజులో, తలుపు సగం తెరిచి పెట్టుకున్నాము. ఆ చప్పుడు విని పరుగున వచ్చి, దాన్ని బయటికి లాగించి, ఇంటికి 20 అడుగుల దూరంలో, కిటికీలకు ఎదురుగా కాకుండా పెట్టించారు. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన చాలదట. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. హరికేన్ వెళ్ళిపోయాక పోయే ప్రాణాలలో ఇలాంటివి కొన్ని ప్రతిసారీ ఉంటాయన్నారు. ఆయన మా అత్తయ్యను రెండుసార్లు కాపాడారని నేను ఎవరి ముందైనా చెబుతాను.

ఈ మాట రాయకుండా ఉండలేను. ఆక్సిజన్ యంత్రం మీద ఆధారపడిన వారిని ముందుగా తరలిస్తామని అధికారులు అంటే, అత్తయ్య పేరు జూన్ మొదటి వారంలోనే నమోదు చేయించాను. ఒక్క ఫోను రాలేదు. నేను చేస్తే రికార్డు చేసిన గొంతు పలికి, కాసేపటికి లైను తెగిపోయింది. ఇక బీమా సంగతి. మాకు గాలికి ఒక పాలసీ, వరదకు మరొకటి ఉన్నాయి. వరద పాలసీ కొన్నాక అమలులోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది, హరికేన్ కనిపించాక కొంటే ఉపయోగం లేదు కనుక, ఇల్లు కొన్న నెలలోనే తీసుకున్నాము. ఇప్పుడు గాలి పాలసీ వారు ఇది నీటి నష్టమంటున్నారు. వరద పాలసీ వారు పెంకులు లేచిన చోట కారిన వాన తమది కాదంటున్నారు. పరిశీలకుడు పంతొమ్మిదో రోజున వచ్చి పదిహేను నిమిషాలు ఉన్నాడు. హరికేన్‌కు మేము ముందుగా భరించవలసిన మొత్తం మామూలు నష్టాల్లోలాగా స్థిరమైన సొమ్ము కాదని, ఇంటి బీమా విలువలో శాతమని అప్పుడే తెలిసింది. ఒప్పందంలో అది ఉంది, చదవకపోవడం నా తప్పే. కానీ ఏ తప్పూ చేయని ఆ పెద్దాయన కూడా ఇదే వరుసలో నిలబడి ఉన్నారు. ఆయన వంటగది సంగతి ఇంకా తేలలేదు. కిటికీలకు రక్షణ ఎందుకు ఏర్పాటు చేసుకోలేదని బీమా వారు ఆయనను రాతపూర్వకంగా అడిగారు. ఆ ప్రశ్నకు జవాబుగా మా ఇంటి ఫోటోలు జతచేసి నేను, మావారు సంతకాలు చేసిన లేఖ ఇచ్చాము. అవసరమైతే ఎక్కడికైనా వచ్చి చెబుతాము.

మరికొందరిని వెంటనే తలచుకోవాలి, ఇప్పటికే ఆలస్యమైంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చి రోజుకు పదహారు గంటలు స్తంభాలెక్కి పనిచేసిన కరెంటు సిబ్బందికి. పాత చీటీ తడిసిపోయినా అత్తయ్య మందులు అత్యవసరంగా ఇచ్చిన ఫార్మసిస్టుకు. బురద ఎత్తడానికి పారలతో వచ్చి, పేర్లు కూడా చెప్పకుండా వెళ్ళిపోయిన ఆరుగురు విద్యార్థులకు. ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ఇచ్చిన డ్రైవరు గారికి, ఆయన రావడానికి నీట మునిగిన రోడ్డు చుట్టూ రెండు గంటలు తిరిగారు. జనరేటరు ఎరువిచ్చిన ఎదురింటి వారికి, అసలు వారిని మొదటే రాయవలసింది, క్షమించండి. అబ్బాయి బడి పుస్తకాలు మళ్ళీ సమకూర్చిన టీచరు గారికి. రోజూ సాయంత్రం ఐసు సంచి మా గుమ్మంలో పెట్టి వెళ్ళిన పాపకు, నువ్వు ఎవరి అమ్మాయివో ఇంకా తెలియలేదు తల్లీ.

పచ్చ పిడి ఉన్న పెద్ద టార్చిలైటు ఒకటి మా ఇంట్లో ఉండిపోయింది. ఆ మొదటి రాత్రి ఎవరో నా చేతిలో పెట్టి వెళ్ళారు, చీకట్లో ముఖం చూడలేదు. బ్యాటరీలు కొత్తవి వేసి ఉంచాను. ఎవరిదైతే వారు వచ్చి తీసుకువెళ్ళండి, లేదా కబురు చేస్తే నేనే తెచ్చి ఇస్తాను.